ఒంటరిగా ఫీల్డ్‌కి వెళ్లే సర్వీస్ కుర్రాళ్లకి ఫస్ట్ ఎయిడ్ ఏర్పాటు ఎలా చేయాలి?

ఆటోనగర్ మణి:

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రానిక్ కాటాలు సర్వీస్ చేసే సంస్థలో పని చేస్తున్నాను. కస్టమర్ ఫోన్లు ఎత్తడం, ఏ కుర్రాడు ఏ ఊరు వెళ్లాలో చెప్పడం, పెట్రోలు బిల్లులు, జీతాలు, అన్నీ నా టేబుల్ మీదే. ఫీల్డ్‌కి వెళ్లేవాళ్లు పన్నెండు మంది. కిరాణా కొట్లు, బంగారం షాపుల్లో కాటాలు చూసేవాళ్ల గురించి నాకంత బెంగ లేదు. వాళ్లెప్పుడూ నలుగురి మధ్యే ఉంటారు. నా టెన్షన్ అంతా వే బ్రిడ్జీలు చూసేవాళ్ల గురించే.

లారీ ఎక్కి తూకం వేయించుకుని దిగిపోయే ఆ ఇనప పలకల కింద ఏముంటుందో బయటివాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. గుంత ఉన్న రకం అయితే మనిషి వంగి దూరాలి. లోపల బరువుని కొలిచే లోడ్ సెల్స్, వాటి కేబుళ్లన్నీ కలిసే జంక్షన్ బాక్స్ ఉంటాయి. ఎలుకలు కేబుల్ కొరికితే తూకం తప్పు చూపిస్తుంది, మాకు ఫోన్ వస్తుంది. ఎలుకలున్న చోటికి పాములు వస్తాయి. వాన పడితే నీళ్లు నిలుస్తాయి, ఆ తర్వాత బురద. లోడ్ సెల్ మార్చాలంటే జాకీ పెట్టి బరువైన పైపలకని లేపాలి. మిర్చి సీజన్లో గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర పగలు కాటా ఖాళీగా ఉండదు కాబట్టి మావాళ్లకి రాత్రిపూటో తెల్లవారుజామునో ఇస్తారు. అంటే కుర్రాడు ఒక్కడే, బైక్ మీద, ఊరి బయట.

మొన్న మార్చిలో ఒక ఆదివారం తెల్లారకముందే నరసరావుపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీకి మా కుర్రాడు వెళ్లాడు. గుంతలో పని చేస్తుంటే పలక అంచు కుడి అరచేతిని బొటనవేలి మొదట్లో కోసేసింది. లోతుగా తెగింది. ఫోన్ గుంత బయట బైక్ ట్యాంక్ కవర్లో ఉంది. ఎడమచేత్తో గట్టు పట్టుకుని పైకి వచ్చి, గ్రీజు తుడుచుకునే గుడ్డే చేతికి చుట్టుకున్నాడు. వాచ్‌మన్ పెద్దాయన పాపం కంగారుగా కాఫీ పొడి తెచ్చి పోశాడు. కుర్రాడు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడికి దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడుంది?" అన్నాడు. విజయవాడలో మంచం మీద కూర్చుని నేను మ్యాప్‌లో వెతికి చెప్పాను. వాచ్‌మనే ఎవరినో లేపి బండి మీద పంపించాడు. కుట్లు పడ్డాయి. ఇప్పుడు బాగానే ఉన్నాడు, వేళ్లన్నీ కదులుతున్నాయి.

మా సార్ మంచివారు. ఆస్పత్రి బిల్లు మొత్తం కట్టారు, ఆ రోజులకి జీతం కూడా ఇచ్చారు. కానీ ఇలాంటిది మళ్లీ జరిగితే ఏం చేద్దామని అడిగితే, "ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఆఫీసులో ఉందిగా అమ్మా, రూల్ ప్రకారం అంతే కదా" అంటున్నారు. ఆ బాక్స్ మా హాల్లో గోడకి ఉంది. కుర్రాళ్లు సత్తెనపల్లిలో, వినుకొండలో, మాచర్లలో ఉంటారు.

అందుకే అడుగుతున్నాను. రూల్ నిజంగా అంతేనా? ప్రతివాడికీ ఒక కిట్ ఇస్తే అందులో ఏమేం ఉండాలి? ఆన్‌లైన్లో అమ్మేవి చూస్తే బ్యాండ్ ఎయిడ్లు, దూది, చిన్న కత్తెర తప్ప ఏమీ కనబడటం లేదు. పైగా పక్కన ఎవరూ లేనివాడికి ఫస్ట్ ఎయిడ్ చేసేదెవరు? ఇలాంటి పని చేసేవాళ్లు, చేయించేవాళ్లు దయచేసి చెప్పండి.


పల్నాడు సేఫ్టీ:

మణి గారూ, పిడుగురాళ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చాలా కాలంగా పని చేస్తున్నాను. మీ ప్రశ్న చదివి సంతోషం వేసింది. ఎందుకంటే ఫ్యాక్టరీ లోపల ఉన్నవాడి గురించి అందరూ ఆలోచిస్తారు, గేటు దాటి వెళ్లినవాడి గురించి ఎవరూ అడగరు.

ముందు మీ సార్ అన్న రూల్ సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 45లో 150 మంది కార్మికులకి ఒక బాక్స్ చొప్పున ఉండాలని ఉండేది. అందరూ గుర్తుపెట్టుకునేది ఆ 150నే. అదే సెక్షన్లో ఆ బాక్స్ పని గంటలన్నిటిలోనూ చేతికి అందేలా ఉండాలని కూడా ఉండేది. 2025 నవంబరు 21 నుంచి ఇలాంటి పాత చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో 2020 నాటి పనిచోట భద్రతా కోడ్‌లోనూ ఇదే మాట ఉంది, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ పనివేళల్లో ఎప్పుడంటే అప్పుడు అందుబాటులో ఉండాలని. కుర్రాడు తెల్లవారుజామున నరసరావుపేట రోడ్డులో గుంతలో ఉన్నాడు, అది అతని పనివేళ. ఆటోనగర్ గోడకున్న బాక్స్ అతనికి అందుబాటులో ఉందా? మీ సార్‌తో ఈ ఒక్క ప్రశ్నే అడగండి. మంచివారంటున్నారు కాబట్టి వింటారు.

గాయం ఎక్కడ తగిలినా, ఆఫీసు పని మీద వెళ్లి ఆ పని వల్ల తగిలితే అది యజమాని బాధ్యతే. 1923 నుంచీ ఇదే పద్ధతి, కొత్త కోడ్‌లోనూ మారలేదు. మీకు పన్నెండు మంది ఫీల్డ్ వాళ్లే ఉన్నారు కాబట్టి ఈఎస్ఐ కిందికి వస్తారు. 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థలో నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లందరికీ కట్టాలి. కట్టకపోతే ఇప్పుడే కట్టించండి. గాయమైనప్పుడు ప్రమాదం రిపోర్టు ఆన్‌లైన్లో పెట్టడం మర్చిపోకండి. "చిన్న దెబ్బే కదా" అని వదిలేసిన చేతి గాయం ఆర్నెల్ల తర్వాత వేలు వంగకపోతే, ఆ రోజు రాసిన రిపోర్టే దిక్కు.

కిట్ గురించి. బ్రిటన్లో పనిచోట ఫస్ట్ ఎయిడ్‌కి 1981లో చేసిన విడి నిబంధనలున్నాయి. దూరాలు తిరుగుతూ పని చేసేవాళ్ల గురించి, ఒంటరిగా పని చేసేవాళ్ల గురించి వాళ్లు వేరుగా ఆలోచించారు. అలాంటివాళ్లకి సొంత కిట్ ఇవ్వాలి, ఎవరినైనా పిలవడానికి ఫోనో రేడియోనో ఉండాలి, దాన్ని వాడటం నేర్పాలి అన్నది దాని సారం. ప్రయాణంలో పెట్టుకునే కిట్‌కి అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ సూచించింది చూస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, అంత చిన్నది. ఎలా వాడాలో చెప్పే ఒక కాగితం, విడివిడిగా ప్యాక్ చేసిన ఆరు ప్లాస్టర్లు, రెండు త్రికోణపు గుడ్డలు, రెండు పిన్నీసులు, మందు లేని ఒక పెద్ద స్టెరైల్ డ్రెస్సింగ్, తడి వైప్స్, గ్లవ్స్. మాత్రలు ఉండవు. అయితే అది కనీసం అని వాళ్లే చెబుతారు. అక్కడ జరిగే ప్రమాదాన్ని బట్టి మిగతావి మనం చేర్చుకోవాలి. కాబట్టి జాబితా వెతకడం కంటే ముందు ఒక కాగితం తీసుకుని, మీ కుర్రాళ్లకి నిజంగా ఏం తగలొచ్చో వాళ్లనే కూర్చోబెట్టి రాయించండి.

నేను చూసినంతలో వే బ్రిడ్జి పనిలో ఇవి వస్తాయి: చేతి గాయం, వేలు నలగడం, కంట్లో తుప్పు పడటం, పాము, తేలు, ఎండదెబ్బ, వెల్డింగ్ చేస్తే కాలడం, కరెంటు. ఇక బైక్ మీద దారి. దాని సంగతి అసలు మర్చిపోకండి. కాబట్టి ఆ కనీసానికి ఇంకో పెద్ద డ్రెస్సింగ్, రెండు క్రేప్ బ్యాండేజీలు (సాగే కట్టు గుడ్డలు), కళ్లు కడగడానికి చిన్న సెలైన్ బాటిళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక చిన్న టార్చి చేర్చండి.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఒంటరిగా ఉన్నవాడికి ఫస్ట్ ఎయిడ్ చేసేది అతనే, అది కూడా ఒంటి చేత్తో. మీవాడికి కుడిచెయ్యి తెగింది, మిగిలింది ఎడమచెయ్యి. అందుకని కిట్ కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. కుర్రాడి కుడిచెయ్యి జేబులో పెట్టించి, ఎడమచేత్తో జిప్ తీసి, డ్రెస్సింగ్ ప్యాకెట్ పళ్లతో చించి, కుడి చేతికి కట్టుకోమనండి. బజార్లో దొరికే ప్లాస్టిక్ డబ్బాల మూత ఒంటి చేత్తో రాదు. రోల్ గాజ్ (పల్చటి కట్టు గుడ్డ) అయితే చేతిలోంచి జారి నేల మీద దొర్లుతుంది. క్రేప్ బ్యాండేజీ చివర మోకాళ్ల మధ్య పట్టుకుని చుట్టుకోవచ్చు. అంటుకునే పట్టీ ఉన్న ప్రెషర్ బ్యాండేజీలు దొరికితే ఇంకా మంచిది. ఈ పరీక్షలో నెగ్గిందే కిట్, మిగతాది బరువు.


ఎమర్జెన్సీ సిస్టర్, గుంటూరు:

మణి గారికి, గుంటూరులో ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేస్తున్నాను. ఆ కాఫీ పొడి సంగతి చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. కాఫీ పొడి, పసుపు, పేస్టు, బీడీ బూడిద, ఇవన్నీ మేము ప్రతివారం చూస్తాం. పెట్టినవాళ్లు ప్రేమతోనే పెడతారు. కానీ కుట్లు వేసేముందు ఆ పొడి ఒక్కొక్క రేణువూ గాయంలోంచి కడిగి తీయాలి. లోపల ఏ నరం తెగిందో, ఏ స్నాయువు తెగిందో ఆ నల్లటి బురదలో డాక్టరుకి కనబడదు. పేషెంటుకి ఆ కడగడమే ఎక్కువ నొప్పి.

రక్తం కారుతుంటే చేయాల్సింది ఒక్కటే, నొక్కి పట్టుకోవడం. శుభ్రమైన డ్రెస్సింగ్ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి, పది నిమిషాలు అలాగే ఉంచాలి. మధ్యలో ఎత్తి "ఆగిందా" అని చూడకూడదు. చూసిన ప్రతిసారీ కట్టిన గడ్డ ఊడిపోయి మళ్లీ మొదటికొస్తుంది. తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టాలి. చేతికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయాలి. వేలు పూర్తిగా తెగిపడితే దాన్ని తడి గాజ్ గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు వేసిన నీళ్లలో ఉంచి తీసుకురావాలి. వేలు నేరుగా ఐసుకి తగిలితే పాడైపోతుంది. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో మీ దగ్గర రాసి పెట్టుకోండి.

గుంటూరు కాబట్టి ఒక మాట. మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల్లో పని చేసిన చేతుల్లో ఘాటు ఉంటుంది. కంట్లో నలుసు పడిందని ఆ చేత్తోనే నలుపుకుంటే నలుసు కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. ముందు సబ్బుతో చేతులు కడగాలి, తర్వాత సెలైన్‌తో కన్ను కడగాలి. చాలా కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. ఆ ఘాటైన వాసన వస్తే పని వదిలేసి గాలికి ఎదురుగా బయటికి నడవాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, వెంటనే ఆస్పత్రికి రావాలి.

పాము గురించి మీ కుర్రాళ్లకి తప్పకుండా చెప్పండి. గుంతలో చెయ్యి పెట్టేముందు టార్చి వేసి, కర్రతో తట్టాలి. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. బిగించి కట్టి తెచ్చిన చెయ్యి నీలంగా మారిపోయి ఉంటుంది. విషం కంటే ఆ కట్టు చేసిన నష్టమే మాకు ముందు కనబడుతుంది. పాముకి దూరంగా జరిగి కూర్చోవాలి, కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా పెట్టుకోవాలి, 108కి ఫోన్ చేయాలి. తనే బైక్ నడుపుకుంటూ రాకూడదు, దారిలో స్పృహ తప్పితే రెండు ప్రమాదాలవుతాయి. పాముని పట్టడానికో చంపడానికో ఆగకూడదు. ఇంజక్షన్‌కి పాము పేరు అవసరం లేదు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ మన దగ్గర ఒకటే మందు.

కట్లపాము మాత్రం మోసం చేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు. "ఏదో గీసుకుంది" అని పని కొనసాగిస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, తర్వాత ఊపిరి అందదు. రక్తపింజర అయితే వాపు, నొప్పి విపరీతంగా ఉంటాయి, రక్తం గడ్డకట్టదు. ఆస్పత్రికి వచ్చాక ఒక గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి చూస్తాం. వంచితే పారిందంటే విషం ఎక్కినట్టే. కాబట్టి "పామో కాదో తెలియదు" అన్న అనుమానం ఉన్నా రావాలి. మాకు ఇలాంటి పరీక్షలున్నాయి, ఇంట్లో లేవు.

దగ్గర్లో కనబడిన చిన్న నర్సింగ్ హోముకి పోయి అక్కడ ఇంజక్షన్ లేదని మళ్లీ బయల్దేరడంలో ప్రాణాలు పోతున్నాయి. గుంటూరు, విజయవాడల్లో ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులు, తెనాలి, నరసరావుపేట ప్రభుత్వాస్పత్రులు, ఇలా ఒక్కో రూటుకీ ఎటు పోవాలో ముందే రాసి ఆ కాగితం కిట్‌లో పెట్టండి. మీ కుర్రాడు మిమ్మల్ని అడిగిన ప్రశ్నకి జవాబు వాడి సంచిలోనే ఉండాలి.


టవర్ శీను:

మేడమ్, నేను సెల్ టవర్లెక్కే పని చేసినవాణ్ణి, ఇప్పుడు మంగళగిరిలో సొంతంగా సోలార్ పనులు చేయిస్తున్నా. పైన ఇద్దరూ చెప్పినవి బంగారం లాంటి మాటలు. నేను పనివాడి వైపు నుంచి చెబుతా.

కిట్ ఇస్తారు. కుర్రాడు దాన్ని బైక్ డిక్కీలోనో సైడ్ బ్యాగ్‌లోనో పెడతాడు. బైక్ గేటు దగ్గర ఉంటుంది, వాడు గుంతలో ఉంటాడు. అప్పుడు ఆటోనగర్ గోడ మీద ఉన్నా గేటు దగ్గర ఉన్నా ఒకటే. కిట్ నడుముకి కట్టుకునే పౌచ్‌లో ఉండాలి, లేదా పనిముట్ల సంచిలో అన్నిటికంటే పైన ఉండి ఆ సంచి గుంతలోకి రావాలి. పౌచ్ ఎర్ర రంగుదైతే వాచ్‌మన్‌కి కూడా "ఆ ఎర్ర సంచి ఇవ్వు" అని చెప్పొచ్చు.

ఫోన్ ట్యాంక్ కవర్లో ఎందుకుందంటే గ్రీజవుతుందని, పగులుతుందని. ప్రతివాడూ అంతే. చొక్కా పైజేబులో జిప్ ఉండేలా యూనిఫాం కుట్టించండి. కానీ మేడమ్, ఇనప పలకల కింద చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. జేబులో ఫోన్ ఉన్నా మోగదు. అందుకని గుంత పనికి పైన ఒక మనిషి ఉండి తీరాలి. మీ మనిషే అక్కర్లేదు, కస్టమర్ వాచ్‌మనైనా చాలు. అతను పని చేయక్కర్లేదు, అక్కడ నిలబడి మాట్లాడుతూ ఉంటే చాలు. జాబ్ కార్డు మీద అచ్చు వేయించండి: పైన మనిషిని ఇవ్వకపోతే మా టెక్నీషియన్ గుంతలోకి దిగడు. కుర్రాడు నోటితో చెబితే వాణ్ణి కోప్పడతారు. కాగితం చెబితే ఎవరూ ఏమీ అనరు. ఇది వాడికి మీరిచ్చే పెద్ద రక్షణ.

ఇంకోటి, ఏ డ్రైవరో చూసుకోకుండా కాటా మీదికి లారీ ఎక్కించేస్తే ఏ కిట్టూ పనికిరాదు. బైక్‌ని కాటాకి అడ్డంగా పెట్టాలి, కాటా గది తాళం తన జేబులో పెట్టుకోవాలి. పలకని జాకీ మీద వదిలి కింద చెయ్యి పెట్టకూడదు, చెక్క దిమ్మలు సర్దాకే చెయ్యి పెట్టాలి. మూసి ఉన్న గుంత అయితే మూత తీసి గాలి ఆడనిచ్చి దిగాలి. లోపల మురుగు కుళ్లి ఉంటే తల తిరుగుతుంది. వాడు పడిపోయాడని ఇంకొకడు గబుక్కున దూకితే ఇద్దరూ పోతారు.

ఫోన్ విషయం. దిగేముందు మీకు ఒక కాల్, ఎక్కాక ఒక కాల్. మెసేజ్ కాదు, కాల్. దిగేటప్పుడే "గంటలో చేస్తా" అని టైం చెప్పాలి. ఆ టైం దాటితే మీరు చేయాలి, ఎత్తకపోతే కస్టమర్‌కి చేయాలి. అందుకే బయల్దేరకముందే అక్కడి వాచ్‌మన్ నంబరు మీ దగ్గర ఉండాలి. లాక్ స్క్రీన్ మీద బ్లడ్ గ్రూపు, మీ నంబరు కనబడేలా పెట్టించండి. 112 అన్నిటికీ పని చేస్తుంది, అంబులెన్స్‌కి నేరుగా 108. ఊరి పేరు కాదు, "పేరేచర్ల దాటాక ఎడమవైపు ఫలానా కోల్డ్ స్టోరేజీ" అని గుర్తు చెప్పగలగాలి. వెళ్లిన వెంటనే లొకేషన్ మీకు పంపేస్తే ఆ పని మీరే చేయొచ్చు.


ఎమర్జెన్సీ సిస్టర్, గుంటూరు:

శీను గారు "మెసేజ్ కాదు, కాల్" అన్నది చాలా మంచి మాట. దానికి నేను ఒకటి కలుపుతాను. ఏప్రిల్, మే నెలల్లో పల్నాడు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, రెంటచింతల పేరు ప్రతి వేసవిలోనూ వార్తల్లో వస్తుంది. వడదెబ్బ ముదిరితే మనిషికి తికమక మొదలవుతుంది. తనకి తికమకగా ఉందని తనకే తెలియదు. పక్కన ఎవరూ ఉండరు. ఫోన్‌లో వింటున్న మణి గారికి మాత్రం మాట తేడా తెలుస్తుంది. అడిగినదానికి సంబంధం లేని జవాబు వచ్చినా, మాట సాగదీసినా వెంటనే కస్టమర్ మనుషుల్ని పంపి నీడకి చేర్పించండి. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి, 108కి చెప్పాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ముందు జాగ్రత్తగా తాగేదైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసులో కలుపుకుని తాగడం మంచిది కాదు.


ఆటోనగర్ మణి:

మీ ముగ్గురికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మొత్తం ప్రింట్ తీసి సార్ టేబుల్ మీద పెట్టాను. "పని గంటలన్నిటిలోనూ అందుబాటులో" అన్న మాట కింద పెన్నుతో గీత గీశారు. కిట్లకి డబ్బులు ఇస్తానన్నారు. జాబ్ కార్డు మాట మీద మాత్రం కాస్త ఆలోచిస్తున్నారు, కస్టమర్లు వేరే సర్వీసుకి పోతారేమోనని.

ఒంటి చేతి పరీక్ష నిన్న ఆఫీసులో పెట్టాం. ఆన్‌లైన్ కిట్ జిప్ ఒక్కడికీ రాలేదు. ఒకడు పళ్లతో లాగితే జిప్ తల ఊడి వచ్చింది. క్రేప్ బ్యాండేజీ మోకాళ్ల మధ్య పెట్టుకుని అందరూ చుట్టుకోగలిగారు, దెబ్బ తగిలిన కుర్రాడైతే మిగతావాళ్లకి దగ్గరుండి చూపించాడు. వెల్‌క్రో మూత ఉన్న ఎర్ర పౌచ్‌లు కుట్టిస్తున్నాం.

ఇంకో మూడు అడగనివ్వండి. కుర్రాళ్లు తలనొప్పి మాత్రలు, నొప్పి మాత్రలు కూడా పెట్టమంటున్నారు, పెట్టొచ్చా? శిక్షణ ఎవరిస్తారు? బైక్ మీద దారిలో ఏదైనా అయితే ఎవరూ ఆగరని వీళ్ల భయం, దానికి ఏం చేయగలం?


ఎమర్జెన్సీ సిస్టర్, గుంటూరు:

మాత్రలు కిట్‌లో వద్దు. ఎవరికి ఏ మందు పడదో మీకు తెలియదు. పాము కాటుకో తల దెబ్బకో కొన్ని రకాల నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తం ఇంకా కారే ప్రమాదం ఉంది. షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్లు తమ డాక్టరు రాసిన మందు తామే సొంతంగా పెట్టుకోవాలి. ఆ విషయం మీకు చెప్పి ఉంచితే మంచిది. ఎండలో తిరిగే షుగరు పేషెంటు జేబులో కాస్త పంచదారో గ్లూకోజో తప్పకుండా ఉండాలి.


పల్నాడు సేఫ్టీ:

శిక్షణ రెడ్ క్రాస్, సెంట్ జాన్ అంబులెన్స్ వాళ్లిస్తారు. జిల్లా రెడ్ క్రాస్ శాఖని అడగండి. వీడియో చూపించి సరిపెట్టకండి, బొమ్మ మీద చేత్తో నొక్కి చూడాలి. సీపీఆర్ అంటే గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడం, అది నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. ఎంత బలం పెట్టాలో చేసి చూస్తేనే తెలుస్తుంది. "ఒంటరిగా ఉన్నవాడు తనకి తనే సీపీఆర్ చేసుకోలేడు కదా" అని మీ సార్ అడగొచ్చు. కరెంటు షాక్ కొట్టిన వాచ్‌మన్‌కో, టీ ఇచ్చిన పెద్దాయనకో మీ కుర్రాడే చేయాల్సి రావచ్చు. ముందు మెయిన్ ఆపి, ఆ తర్వాతే ముట్టుకోవాలని కూడా ఆ శిక్షణలోనే వస్తుంది.

దారి గురించి. ఆగి సాయం చేసినవాణ్ణి పోలీసు కేసులో ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టానికి సెక్షన్ 134ఎ చేర్చారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకి కేంద్ర పథకం కింద ఎంపికైన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స ఉంది. ఈ రెండూ నాలుగు లైన్లలో తెలుగులో రాసి పౌచ్ పైన పారదర్శకంగా ఉండే జేబులో పెట్టండి. ఆగినవాడికి భయం పోయేది ఆ కాగితంతోనే. హైవే మీద అయితే 1033 నంబరు కూడా అందులో రాయండి.

జాబ్ కార్డు గురించి మీ సార్‌కి నా మాటగా చెప్పండి. మా ఫ్యాక్టరీకి వచ్చే బయటి టెక్నీషియన్ "పైన మనిషి లేకపోతే దిగను" అంటే మేం వాణ్ణి మళ్లీ పిలుస్తాం. పని తెలిసినవాడని అర్థమవుతుంది.


టవర్ శీను:

మేడమ్, ఒకటి మర్చిపోయా. పౌచ్‌లు ఇచ్చాక నెలకోసారి మీరే తెరిపించి చూడండి. పెట్రోలు బిల్లు ఇచ్చేరోజు పెట్టుకుంటే అందరూ వస్తారు. వాడిన డ్రెస్సింగ్ స్థానంలో కొత్తది మీ దగ్గర అడగ్గానే దొరకాలి, "ఎందుకు వాడావు" అని అడగకూడదు. అడిగితే వాడటం మానేసి మళ్లీ గ్రీజు గుడ్డే చుట్టుకుంటారు. సెలైన్ బాటిళ్లు, ఓఆర్ఎస్ ఎండకి బైక్ మీద త్వరగా పాడవుతాయి, వాటి తేదీ చూసుకోండి.


ఆటోనగర్ మణి:

అలాగే శీను గారూ. బిల్లుల రోజు ప్రతి నెలా 5వ తారీకు, అప్పుడే చూస్తాను. జాబ్ కార్డులు ప్రెస్‌కి ఇచ్చాం. "పైన మనిషి" లైను ఉంది, సార్ సంతకం కూడా దాని కిందే ఉంది. రూటు వారీగా ఆస్పత్రుల కాగితం తయారు చేస్తున్నాను. మాచర్ల, దుర్గి వైపు రాత్రిపూట పాము ఇంజక్షన్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, ఆ రెండు గళ్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి.